టైపు మిస్టేకు

టకటకా ఆడుతున్న టైపు మిషను ఠక్కున ఆగింది.

“బి.కాం. పాసయ్యారా బాబూ?” అన్నాడు ముసలాయన, కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

కాశీరావుకి ఒళ్ళు మండింది.

“మీరు అప్లికేషన్లు కొడతారా, ఇంటర్వ్యూలు చేస్తారా?”

బెజవాడ పోస్టాఫీసు ముందు ఓ గొడుగు, గొడుగు కింద బల్ల, బల్ల మీద మిషను. ముసలాయన ఆఫీసంతా అదే.

“కోప్పడకండి. సర్టిఫికెట్టు నెంబరు ఖాళీ వదిలెయ్యమన్నారుగా, అందుకని అడిగా.”

కాశీరావు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“రెండో ఏడు దాకా చదివానండీ. ఉద్యమంలో కాలేజీ మూసేశారా! మళ్ళీ తెరిచేసరికి ఫీజుకి దిక్కులేదు. పరీక్ష రాయలేదు. చాలా?”

“చాలు. అదే కొడదాం. ఇందులో సిగ్గుపడేదేముంది?”

ఏముందా? కొల్లేటి లంకలో వాళ్ళ గుడిసెల్లో కాలేజీ గడప తొక్కింది కాశీరావొక్కడే. “పరీక్షలేమైనయ్‌రా?” అని తల్లి పోలేరమ్మ అడిగిన రోజు, నిజం గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. “పాసయ్యానమ్మా” అనేశాడు. ఆవిడ చేపల బుట్ట కింద పెట్టి, చేతులు కడుక్కుని, ఊరంతా బెల్లం పంచింది. ఆ బెల్లం తిన్న ప్రతివాడూ ఇప్పుడు “ఉద్యోగమెప్పుడురా?” అనేవాడే.

ఉద్యోగమంటూ వస్తే ఆ అబద్ధం మీద మట్టి కప్పెయ్యొచ్చు. రాకపోతే తల్లి మొహం చూడలేడు.

“నిజం రాసి పదకొండు చోట్లకి పంపానండీ. పిలిచిన పాపాన పోలేదు ఒక్కడూ. ఈసారి పాసనే కొట్టండి. సర్టిఫికెట్టు అడిగితే గొడవల్లో ఆలస్యమైందంటా.”

“వద్దు బాబూ. ఒక్క లైనేగా అనుకుంటాం. తర్వాత బతికినన్నాళ్ళూ దానికి కాపలా కాయాలి.”

“గొడుగు కింద కూర్చుని అక్షరాలు కొట్టుకునేవాళ్ళకి ఆఫీసుల సంగతులేం తెలుస్తయ్యండీ! చెప్పింది కొట్టండి.”

ముసలాయన మొహం చిన్నబోయింది.

“అదీ నిజమే” అని మిషను మీదికి వంగాడు.

కాసేపటికి కాగితం లాగి ఇచ్చాడు. “ఓసారి చదువుకుని సంతకం పెట్టండి.”

అవతల పోస్టుమాను అప్పుడే డబ్బా తాళం తీస్తున్నాడు.

“నేను చెప్పిందేగా, మళ్ళీ చదివేదేంటి!”

గబగబా సంతకం గీకి, కవరులో పెట్టి, కాశీరావు పరుగెత్తాడు.

పదిహేను రోజులకి గవర్నరుపేటలోని లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నుంచి కార్డొచ్చింది. గుమాస్తా ఉద్యోగానికి ఇంటర్వ్యూ.

నిజానికి రాని జవాబు అబద్ధానికొచ్చింది, చూశావా లోకం తీరు అనుకున్నాడు కాశీరావు. పోలేరమ్మ కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటూ పడవ రేవు దాకా వచ్చి మరీ సాగనంపింది.

మేనేజరు పెద్దమనిషి. కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇప్పించాడు.

“ఏం చదువుకున్నారు?”

“బి.కాం. పాసయ్యానండీ.”

మేనేజరు చేతిలోని కాగితం వంక చూశాడు. “ఇంకోసారి చెప్పండి.”

“బి.కాం. అండీ. సెకండ్ క్లాసు.”

మేనేజరు కాగితాన్ని ఇటు తిప్పి, ఒక లైను కింద వేలు పెట్టాడు.

బి.కాం. రెండో సంవత్సరం వరకు చదివాను, ఫీజు కట్టలేక ఆపేశాను, పరీక్ష రాయలేదు అని ఇంగ్లీషులో శుభ్రంగా ఉంది. కింద కాశీరావు సంతకం.

ముసలాడు ఎంత పని చేశాడు!

“అది టైపు మిస్టేకండీ!”

“ఇంత పొడుగు మిస్టేకా?”

“పోస్టాఫీసు ముందు గొడుగేసుకుని ఓ ముసలాయన కూర్చుంటాడండీ. చూపు ఆనదు. ఒకటి చెబితే ఒకటి కొడతాడు. నేను చూసుకోలేదండీ.”

మేనేజరు కాగితం మడిచి పక్కన పెట్టాడు.

“డెబ్భైమంది రాశారండీ ఈ ఉద్యోగానికి. అందరూ పాసే. ఆపేశానని రాసింది మీరొక్కరే. ఇలా రాసుకున్నవాడు నా దగ్గర అబద్ధమాడడనుకుని మిమ్మల్నొక్కరినే పిలిచా.”

కాశీరావుకి తల కొట్టేసినట్టయింది.

“సార్... తప్పైపోయిందండీ. ఈ ఉద్యోగం లేకపోతే ఇంటికెళ్ళలేనండీ.”

“మీరీ గదిలోకి అడుగు పెట్టేటప్పటికి ఇది మీదే. పాసయ్యానన్నారు, భయంతో అన్నారనుకున్నా. కానీ మీ తప్పు తీసుకెళ్ళి సంజీవరావుగారి నెత్తిన రుద్దారు చూశారూ, అది మాత్రం నేను మింగలేను.”

“ఆయన... మీకు తెలుసాండీ?”

“పధ్నాలుగేళ్ళు ఇక్కడ హెడ్డు గుమాస్తా. ఆయన కొట్టిన కాగితంలో ఒక్క అక్షరం తప్పు పోగా నేనెరగను.”

కాశీరావు తలెత్తలేకపోయాడు. గొడుగు కింద తను అన్న మాట గుర్తొచ్చి చెవులు కాలిపోతున్నాయి.

“మరి... ఎందుకు మానేశారండీ?”



“మా గుమాస్తా ఒకడు లేని డిగ్రీ ఉందని రాసి చేరాడని తెలిసింది. వాణ్ణి తీసేస్తూ ఆర్డరు కొట్టుకురమ్మన్నా. సంజీవరావుగారు సంతకానికి రెండు ఆర్డర్లు తెచ్చి నా ముందు పెట్టారు. ఒకటి వాడిది. అదే తప్పుకి, రెండోది తనది.”