తలుపు లేని గోడ

టూసాన్‌లో నేను పూత పనికి వెళ్లిన లోర్నా వాళ్ల పడగ్గదిలో, జిప్సం అట్టల గోడకు ఛాతీ ఎత్తున పిడికిలంత అతుకు ఉంది.

“తలుపు పిడి తగిలి పగిలింది పెద్దాయనా,” అంది నా వైపు చూడకుండా. ఆ పక్కన అసలు తలుపే లేదు.

రోలర్‌తో గోడంతా జిప్సం ముద్ద బొడిపెలు బొడిపెలుగా పట్టించాను. తడి మెరుపు పోయేదాకా ఆగి, వెడల్పాటి రేకుతో బొడిపెల తలలు తేలిగ్గా అణిచాను. అతుకు ఎక్కడుందో నాకే తెలియలేదు.

“అబ్బ, ఎంత బాగా చేశారు! మీ ఆవిడ అదృష్టవంతురాలు. మీ ఇంట్లోనూ ఇలాగే ఉంటాయా గోడలు?”

“ఇల్లంతా ఇంతేనమ్మా. నున్నటి గోడ ఒక్కటీ మిగల్లేదు.”

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మా ఆవిడ ఇనెజ్ కూడా మా గోడల్లో గుంటలు చూసిన చుట్టాలకు తలుపు పిడి తగిలిందనే చెప్పేది.