నలభై ఒక్క డబ్బీలు

పురుగు కావాలి. మనిషి కడుపులోది. రేపు ఉదయం పది గంటల్లోపు.

ల్యాబ్ శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పే విలిమైనాకి ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన తలకెక్కలేదు. సోమవారం పడవలో రాజధాని సువా నుంచి పరీక్షాధికారి వస్తున్నాడు. ఆరుగురు విద్యార్థులూ మైక్రోస్కోపులో కొంకిపురుగు గుడ్డు చూసి గుర్తుపట్టాలి. మందులో ఊరబెట్టిన పాతది పనికిరాదు, తాజాది కావాలని రూలు. గుడ్డు లేకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే కేంద్రం మూత. ఆరుగురూ మళ్లీ కొబ్బరి ఒలుచుకోవాల్సిందే.

ఇదివరకు ఈ దీవిలో పురుగులకేం కరువు లేదు. నర్సు మెరెయోని వచ్చాకే వచ్చింది చిక్కంతా.

మెరెయోని విలిమైనాకి స్వయానా మేనత్త కూతురు. పోయిన నెల మాత్రల సంచీ తగిలించుకుని గడపగడపా తిరిగింది. మింగించి ఊరుకోలేదు, నాలుక ఎత్తించి మరీ చూసింది.

"ఒక్కణ్ణయినా వదిలెయ్యొచ్చుగా వదినా! నా పిల్లల గతేం కాను?" అని వాపోయింది విలిమైనా.

"పురుగుల కోసం ఏడ్చే మనిషిని నిన్నే చూశానమ్మా. ఇంకెక్కడివి? అన్నీ ఊడ్చిపారేశా."

మధ్యాహ్నం విలిమైనా, దంచి నీళ్లలో కలుపుకుని తాగే యంగోనా మొక్క వేళ్ల కట్ట కానుకగా పట్టుకుని ఊరి పెద్ద రాతూ సైలోసి ఇంటికి వెళ్లింది. ఊరంతా అక్కడే చాపల మీద కూర్చుని ఉంది. కట్ట ఆయన ముందు పెట్టి, "కెరెకెరె" అంది.

చుట్టం ఆ మాట అని చెయ్యి చాపితే లేదనడం ఆ ఊళ్లో పుట్టినవాళ్లకి చేతకాదు.

"ఏం కావాలి తల్లీ? పందా? చాపలా?"

విలిమైనా తల వంచుకుని చెప్పింది. "రేపు పొద్దున దొడ్డికి వెళ్లినప్పటిది... కొంచెం. పురుగులున్న వాళ్లది."

కొబ్బరిచిప్ప ఎత్తి తాగబోతున్నవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. అందరికన్నా ముందు పకపకా నవ్వింది మెరెయోనే.

రాతూ కట్ట అందుకున్నాడు. "లేదనలేం. అలాగని ఒక్కరే ఇస్తే ఆ ఇంటి పరువేం కావాలి? అందరం ఇద్దాం. డబ్బీల మీద నంబర్లే ఉంటాయి. పేర్ల చీటీ నా దగ్గరుంటుంది."

సోమవారం తెల్లారేసరికి కేంద్రం మెట్ల మీద నలభై ఒక్క డబ్బీలు. ఒకటో నంబరుకి రంగుల నారగుడ్డ చుట్టి, పైన మందారప్పువ్వు కూడా పెట్టారు. అదెవరిదో చీటీ చూడకుండానే తెలుస్తోంది.

విలిమైనా తలుపు వేసుకుని మొదలుపెట్టింది. ఒకటి, శుభ్రం. రెండు, శుభ్రం. పన్నెండులో గుండ్రంగా ఏదో మెరిసింది. తీరా చూస్తే గాలిబుడగ. ఇరవై మూడులో చేమదుంప పిండి.

మెరెయోని కిటికీలోంచి తొంగిచూసింది. "దొరికిందా వదినా? చెప్తే విన్నావు కాదు. నలభై ఒక్క సున్నాలు చుట్టుకో!"

"నీ నోట్లో మన్నుపొయ్య, పో అవతలికి!"

తొమ్మిదింపావుకి నలభై పూర్తయ్యాయి. ఒక్కదానిలోనూ లేదు. ఊరంతా ఇంత ఆరోగ్యంగా ఉన్నందుకు విలిమైనాకి ఏడుపొచ్చింది.

చివరి డబ్బీ తెరిచి స్లైడు పెట్టింది.

పలచటి పెంకు. లోపల నాలుగు కణాల ముద్ద. ముద్దకీ పెంకుకీ మధ్య తేటగా ఖాళీ. గుడ్డు ఒకటి కాదు, కన్ను తిప్పిన చోటల్లా ఉన్నాయి. ఆవిడ ఎవరిదో తెలియని ఆ డబ్బీకి రెండు చేతులూ జోడించింది.

పరీక్ష జరిగింది. దుమ్ముకణాన్ని కూడా గుడ్డే అనే సిరెలీతో సహా ఆరుగురూ పాసయ్యారు. కేంద్రాన్ని ఇంకో మూడేళ్లు నడుపుకోమని అధికారి సంతకం పెట్టి పడవెక్కాడు.

ఆ మహానుభావుడెవరో గానీ పాపం మాత్ర ఇచ్చి రావాలి కదా! విలిమైనా రాతూ దగ్గరికి వెళ్లి చీటీ అడిగింది. వేలు జరుపుకుంటూ అడుగు వరకూ వచ్చింది. నలభై ఒకటి దగ్గర పేరు రెండుసార్లు చదివింది.

తర్వాత చీటీ మడిచిచ్చేసి, ఓ మాత్రా గ్లాసుడు మంచినీళ్లూ పట్టుకుని, నేరుగా నర్సు మెరెయోని ఇంటికి నడిచింది.