ఊరికే ఇచ్చిన గళ్ళు

ఉచితం ఉచితమని ఇంటర్నెట్‌లో చాటింపు వేసేవాళ్ళారా, జెనెబెచ్‌ని ముంచింది మీరే. మీకు తోడు సంఘం పెద్దలు, వార్డు ఆఫీసు. ఎవరికీ మినహాయింపు లేదు.

దెస్సే ఊళ్ళో, మార్కెట్ వెనక పేటలో ఎవరు పోయినా డేరా వేసేది ఇద్దిర్. చావు సంఘం అన్నమాట. వచ్చినవాళ్ళకు ఇంజెరా రొట్టె పెట్టేదీ, ఏడ్చేవాళ్ళ పక్కన కూచునేదీ అదే. తోటి సభ్యుడి చావుకు రాని మనిషికి రేపు తన చావుకు డేరా లేవదు. అందుకే అక్కడ హాజరు అంటే ప్రాణం.

ఆ హాజరు పట్టేది జెనెబెచ్. ఆమె పేర్లు పిలుస్తుంది, జనం పలుకుతారు. ఒకసారి అసెఫా అనే సభ్యుడి బదులు వాళ్ళ తమ్ముడు "ఉన్నా" అన్నాడు.

"నువ్వున్నావు సరే, మీ అన్న ఏడీ?" అంది. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు.

ఆమెకున్న మర్యాదంతా ఆ పనే. అది పోతే మళ్ళీ చర్చి గేటు దగ్గర గోనెపట్టా పరుచుకుని కూచోవాల్సిందే. అలా కూచున్న రోజులు ఆమె మరిచిపోలేదు.

పేచీ ఆమె రాతతో వచ్చింది. దళసరి అట్టల మీద రాసుకుంటుంది, ఇంటినిండా పేర్చుకుంటుంది.

"నీ అట్టలు నీకు తప్ప ఎవరికీ అర్థం కావు," అన్నాడు సంఘం పెద్ద తిలాహున్. పెద్దాయన కదా, పేటంతా ఆయన్ని గాషే అని పిలుస్తుంది. "రేపు నువ్వే పోతే నీ చావుకు ఎవరొచ్చారో ఎవడు రాయాలి? ఇంట్లో కంప్యూటర్ ఉందిగా. అందరూ చదివేలా గళ్ళల్లో పెట్టు. మెస్కెల్ పండగలోపు కాకపోతే మా అల్లుడు చూసుకుంటాడు."

"మీ అల్లుడా గాషే? డేరాలో అతని గురక విని కదా నేను హాజరు వేసేది."

నవ్వు వచ్చింది గానీ గడువు మాత్రం పోలేదు.

ఆ కంప్యూటర్ ఆమె చదువుకున్న బడివాళ్ళు కొత్తవి కొనుక్కుని వదిలించుకున్నది. ముసలిది. టైపు చేసుకునే ప్రోగ్రాము ఒకటుంది అందులో. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూచుంటే పేజీలకు పేజీలు కొట్టేస్తుంది. దానితో బాగా కుదిరింది. కానీ దానికి గళ్ళు లేవు. పేరు ఒక గడిలో, చావు ఒక గడిలో, వచ్చారో లేదో ఇంకో గడిలో పెట్టాలంటే స్ప్రెడ్‌షీట్ కావాలి, డేటాబేస్ కావాలి. కొనే శక్తి లేదు. ఊరికే వచ్చేది వెతకాలి.

కంప్యూటర్ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో బస్టాండు పక్క, కంప్యూటర్లు బాగుచేసే యారెద్ కొట్టుకు వెళ్ళింది. అతను ఇంటర్నెట్‌లోంచి ఒకటి దించాడు. ఇంత పాత మిషన్ మీద నేనెక్కనంది అది. ఇంకా పాతది దించాడు. అది ఎక్కింది, తెరుచుకుంది.

"చాలా బాగుందక్కా. గళ్ళున్నాయి, వరసలున్నాయి, రంగులు కూడా ఉన్నాయి."

ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. మీటల మీద వేళ్ళు అటూ ఇటూ నడిపింది. ఆగింది. మళ్ళీ నడిపింది.

"ఇది వద్దు తమ్ముడూ."

ఇంకోటి ఎక్కించాడు. వద్దంది. డేటాబేస్ ఎక్కించాడు. అదీ వద్దంది. యారెద్‌కు ఒళ్ళు మండింది.

"పెళ్ళికొడుకుల్ని తిప్పికొట్టినట్టు కొడుతున్నావేంటక్కా? ఊరికే వస్తున్నాయిగా. గళ్ళు అడిగావు, గళ్ళు ఇచ్చాను."

"గళ్ళు ఉన్నాయేమో," అంది. "నాకు ఉన్నట్టు లేదు."

ఆమె తిప్పలు తీర్చే సరుకు లేకపోలేదు. దానికి వెల ఉంది. ఆ వెలకు ఇలాంటి కంప్యూటర్లు బోలెడు వస్తాయి. ప్రోగ్రాములు ఊరికే ఇస్తామని చెప్పుకునేవాళ్ళకు ఆమె టైపు కొట్టి ఉత్తరం పంపింది, తనకేం కావాలో విడమరిచి చెప్పింది. జవాబు మర్యాదగానే వచ్చింది. మీలాంటివాళ్ళు తక్కువ, ముందు ఎక్కువమందికి కావలసినవి చేస్తాం, మీది తర్వాత అని. తర్వాత అంటే ఎప్పుడో అందులో లేదు.

గోడు విన్న వార్డు ఆఫీసువాళ్ళు మాత్రం ఊరుకోలేదు. సాయం చేస్తామని బిలబిలమంటూ ఇంటికొచ్చారు. బల్లమీద ఏదో బరువైనది దింపారు. తడిమితే బల్లంత వెడల్పుంది. కొత్త తెర. పాతది చిన్నదైపోయి ఇబ్బంది పడుతోందని వాళ్ళే అనుకున్నారు, వాళ్ళే తెచ్చారు. ఫొటో తీశారు.

"ఇటమ్మా, ఇటు. అటు కాదు, ఇటు," అన్నాడు ఫొటో తీసేవాడు.

మాట వచ్చిన వైపు తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. కృతజ్ఞతలు చెప్పమన్నారు, చెప్పింది. చెప్పక ఏం చేస్తుంది.

వాళ్ళు పోయాక ఆ తెరను ఈ అంచు నుంచి ఆ అంచుకు జానలతో కొలిచింది. ఎవరిని తిట్టాలో తెలియలేదు. ఇచ్చినవాళ్ళందరూ మంచివాళ్ళే.

మెస్కెల్‌కు ముందు ఆదివారం సంఘం కూడింది. కొత్త తెరను ఎవరో మోసుకొచ్చి జనం ముందు పెట్టారు. అల్లుడు ముందు వరసలోనే ఉన్నాడు. ఇవాళ గురక లేదు.

గాషే తిలాహున్ గొంతు సవరించుకున్నాడు. "ప్రోగ్రాములు ఊరికే వచ్చాయి. ఇంత తెర ఊరికే వచ్చింది. ఒక్క పేరూ గడిలో పడలేదు. ఇంకేం కావాలి నీకు జెనెబెచ్? అడుగు, సిగ్గుపడకు."

జెనెబెచ్ లేచి నిలబడింది. జనం గుసగుసలు ఆగేదాకా ఆగింది.

"ఈ తెర పట్టుకుపోయి, గళ్ళలో ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాము ఇప్పుడే తెప్పించండి గాషే, నేను పుట్టుగుడ్డినని ఈసారైనా గుర్తుపెట్టుకుని."