వాకిట్లోకి వచ్చిన నీడ

ఆ పొద్దున ఆకాశంలో ఒక్కటే మబ్బు. పట్నంవాళ్లు తయారుచేసుకున్న ఆ మబ్బు రోజూ వాళ్ల ఇళ్ల మీదే నిలబడుతుంది. పట్నం చుట్టూ గీసిన గీతకు ఇవతలుండే మా బస్తీవాళ్లు ఎవరూ దాని నీడలోకి రాకుండా చూడటం నా కాపలా పని.

మధ్యాహ్నానికి గాలి తిరిగింది. నీడ గీత దాటి నర్సవ్వ వాకిట్లో నాలుగు మూరలు పరుచుకుంది. ఆమె అందులో చాప వేసుకుని కూర్చుంది.

"లే పెద్దమ్మా. నీడ యాడ పడ్డా పట్నంవాళ్లదే. నీ కోడలి పని కార్డు గుంజుకుంటరు," అన్నాను. కోడలు బాలమణి పట్నంలో వీధులు ఊడుస్తుంది.

"మా తాతను ఊరి బయట ఉంచిన్రు. మా అయ్యను కంటోన్మెంటు గేటు బయట నిలబెట్టిన్రు. నన్ను లిఫ్టు ఎక్కనియ్యలే. ఇది నా వాకిలి, సాయిలూ. నేను పోలే, నీడనే వచ్చింది. దాన్ని లెమ్మను."

నీడలోకి బస్తీవాళ్లు వస్తే పసిగట్టమని పట్నంవాళ్లు నాకిచ్చిన చేతి యంత్రం కూయడం మొదలుపెట్టింది. అప్పుడే తిండికి ఇంటికొచ్చిన బాలమణి ఆ కూత వింది. మెడలోని కార్డు తీసి నాకిచ్చి, అత్త పక్కన కూర్చుని గిన్నె మూత తీసింది.

"నువ్వు తిన్నవా అన్నా?"

తినలేదు. యంత్రాన్నీ కార్డునూ ఎండలో పెట్టి, చాప అంచున కూర్చున్నాను. జొన్నరొట్టె, గోంగూర తొక్కు. యంత్రం కూస్తూనే ఉంది. ముగ్గురం తిన్నాం.