మొదటి కంటైనర్

కంటైనర్లోకి ఎక్కి వంగి చూస్తున్న ముసలాయన దగ్గరికి వెళ్లగానే లక్ష్మీకాంత్ ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

ఎండుచేపల కంపు.

గుంటూరులో అతని గోడౌన్ ముందు ముఠా కూలీలు ఎండుమిరప కుక్కిన గోనె టిక్కీలు ఎక్కించడానికి సిద్ధంగా ఉన్నారు. సొంత పేరు మీద అతను విదేశానికి పంపుతున్న మొదటి సరుకు అది.

“ఎవరయ్యా నువ్వు? ముందు కిందికి దిగు.”

“జక్రయ్యనండి. వాడరేవు నుంచి వచ్చాను. చేపల ఆటో తప్ప ఏదీ దొరకలేదు బాబూ.” ఆయన కంటైనర్ నేలకి అరచెయ్యి ఆనించాడు. “చెక్క తడిగా ఉంది. ఇందులో ఎక్కించొద్దు. వేరే పెట్టె తెప్పించండి.”

“ఎండకి అదే ఆరిపోద్ది.”

“ఆరదండి. సముద్రం మీద ఈ తడంతా ఆవిరై పైకప్పుకి పట్టుద్ది. చుక్కలు చుక్కలుగా కాయ మీదే రాలుద్ది.”

లక్ష్మీకాంత్ నవ్వాడు.

“చేపలు ఎండబెట్టుకునేవాడివి, నాకు ఎగుమతి నేర్పుతావా? పొద్దున ఇక్కడ బయల్దేరితే సాయంత్రానికి విశాఖ. ఎంత పెద్ద ఓడైనా నిలిచే లోతు. అక్కణ్ణించి కొలంబో, పెనాంగ్, షాంఘై, ఎటంటే అటు దారి. అసలు నువ్వు ఓడ మొహం చూశావా?”

“నన్ను పంపింది...”

“ఎవరు పంపితే నాకేంటి? నీ కంపు నా సరుక్కి అంటుకుంటుంది. వెళ్లు.”

వాచ్‌మన్ ఆయన రెక్క పట్టుకుని గేటు దాటించాడు.

ఆయన నిలబడిన చోట లక్ష్మీకాంత్ ఫినాయిల్ చల్లించాడు.

మూడు నెలలకి ఆ కంటైనర్ తిరిగి విశాఖ వచ్చింది. కొన్న దేశం వాళ్లు సరుకు వద్దన్నారు.

హార్బర్లో అతని ఎగుమతి కాగితాలు చూసే క్లియరింగ్ ఏజెంట్ నతానియేలు తలుపులు తెరిపించాడు.

ఎర్రటి కాయ నల్లటి ముద్దయింది. టిక్కీల మీద బూజు బొచ్చులా మొలిచింది. నేల మీద పురుగులు కదులుతున్నాయి.

లక్ష్మీకాంత్ పక్కకి పరుగెత్తి వాంతి చేసుకున్నాడు. కడుక్కొచ్చాక కూడా అతని చొక్కా నుంచి అదే కంపు. కూలీలు ముక్కు మూసుకుని అతనికి దూరంగా జరిగారు.

అతనికి తన మీద తనకే రోత పుట్టింది.

“నేల తడి అని ఒకాయన చెప్పాడు నతానియేలు గారూ. వాడరేవు ముసలాయన. కంపు కొడుతున్నాడని గెంటించాను.”

నతానియేలు కంటైనర్ నేల వైపు చూశాడు.

“నేనే పంపానండి, మీది మొదటి లోడు కదా అని. మీకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మీరు గెంటించిన సంగతి ఆయన తిరిగొచ్చాక చెప్పలేదు. ‘చెప్పాల్సింది చెప్పాను’ అన్నారంతే.”

“ఎవరండీ ఆయన?”

“ముప్పై ఏళ్లు ఈ హార్బర్లో మిరప ఎక్కించిన మేస్త్రి. ఆయన చెయ్యి పెట్టి సరే అన్న పెట్టె ఒక్కటీ వెనక్కి రాలేదు.”

“కారు పంపిస్తాను. కాళ్లు పట్టుకుంటాను. ఈసారికి వచ్చి చూడమనండి.”

నతానియేలు కంటైనర్ తలుపు మెల్లగా మూశాడు.

“రాలేరండి. పోయిన నెలే మా నాన్నని వాడరేవులో సమాధి చేశాం.”