అరువు గొంతు

"ఇంకోసారి అనండమ్మా," అంది మేకప్ చేసే బెనీతా.

"నా బిడ్డను నాకిచ్చెయ్యండి!" అంది అంపారో.

బెనీతా పౌడరు డబ్బాకు మూత పెట్టింది.

"చెప్పవే, ఎలా ఉంది?"

"చేపలమ్మినట్టుందమ్మా."

ఒకప్పుడు స్పెయిన్ రాజధాని మాద్రిదులో అంపారో బొమ్మ లేని సినిమా హాలు లేదు. మొహం ఆమెది. గొంతు మాత్రం ఏనాడూ ఆమెది కాదు. ఆమె దక్షిణ స్పెయిన్ యాస పనికిరాదని మొదటి సినిమాకే వేరే ఆవిడ చేత మాటలు చెప్పించారు. తర్వాత అన్నిటికీ ఆవిడే. తెర మీద ఆవిడ పేరు వెయ్యలేదు. అంపారో ఆవిడను చూసిందీ లేదు.

కొత్త డైరెక్టరు గాస్పర్ అరువు గొంతు ఒప్పుకోనన్నాడు. సాయంత్రానికి సినిమాలోని ఆ బిడ్డ మాట సొంతంగా పలకకపోతే వేషం ఇంకొకరికి. ఇది పోతే అంపారోను మళ్ళీ పిలిచేవాళ్ళు లేరు.

"ఆ గొంతు ఆవిణ్ణి వెతికి పట్టుకురావే. కాళ్ళు పట్టుకునైనా నేర్చుకుంటాను."

బెనీతా పరుగెత్తింది.

గొంతు తేటపడాలని అంపారో సొంపు సారా పుక్కిలించింది. అద్దం ముందు మళ్ళీ అంది. మళ్ళీ అంది.

అద్దంలో ఎవరో కనిపించారు. మెడకు నల్ల గుడ్డ చుట్టుకున్న ముసలావిడ. నవ్వుతోంది.

"ఎవరు? ఫోటో మీద సంతకమా? తర్వాత రా."

ఆవిడ పోలేదు. దగ్గరకొచ్చి అంపారో పొట్ట మీద అరచెయ్యి ఆనించింది. అనమన్నట్టు తల ఊపింది.

"నా బిడ్డను..."

ముసలావిడ పెదవులూ కదిలాయి. చప్పుడు లేదు. అంపారో ఆగినచోట ఆగాయి, ఊపిరి పీల్చినచోట ఆవిడా పీల్చింది.

"వెక్కిరిస్తున్నావా?" అంపారో ఆ చేతిని విదిలించి కొట్టింది. "నా బతుకు బుగ్గిపాలవుతుంటే నీకు ఆటగా ఉందా? ఫో అవతలికి!"

ముసలావిడ నోరు తెరిచింది. గాలే వచ్చింది. మెడ గుడ్డ సర్దుకుని వెళ్ళిపోయింది.

అంతలోనే పిలుపొచ్చింది. కెమెరా ముందు అంపారోకు మాట పెగల్లేదు.

"సరేనమ్మా," అన్నాడు గాస్పర్, ఆమె మొహం చూడకుండా. "లైట్లు ఆర్పండ్రా."

మేకప్ గది గుమ్మంలో బెనీతా ఎదురొచ్చింది. చేతుల్లో రెండు కాఫీ గ్లాసులు.

"నేను ముందు పంపిన ఆవిడ ఏదమ్మా?"

"ఎవరే? ఎవరో మూగది వచ్చి వెక్కిరిస్తే తరిమేశాను."

బెనీతా గ్లాసులు కింద పెట్టేసింది.

"గొంతులో కంతి లేస్తే కోసి తీసేశారటమ్మా, దాంతో మాటే పోయిందట. ఇన్నేళ్ళూ మీ పెదవులు చూసి పలికిన మనిషి, ఇవాళ తన పెదవులు చూపించి మిమ్మల్ని పలికిద్దామని వచ్చింది."