రెండు పాయల మధ్య

వన్ టౌన్‌లో చిలకమ్మ టీ బడ్డీ దగ్గర పేపరు పైకి చదివే హక్కు గవర్రాజుది.

రిటైరైన పోర్టు గుమాస్తా. పొద్దున్నే ఆయన కళ్లజోడు తుడుచుకుని గొంతు సవరించుకునేదాకా హార్బరు కళాసీలు ఒక్కరూ నోరు మెదిపేవారు కాదు.

ఎనభై ఎనిమిది జనవరిలో ఆ వైభవానికి గండి పడింది.

"థాయిలాండూ లావోసూ హద్దు కోసం కొట్టుకుంటన్నాయట. ఎందుకో ఏటో!" అని గవర్రాజు పేజీ తిప్పబోయాడు.

"అక్కడ ఏరుకి రెండు పాయలు బాబూ," అన్నాడు వెనక బల్ల మీది కొత్త మనిషి. "ఈల్లు ఈ పాయ హద్దంటారు, ఆల్లు ఆ పాయంటారు. మద్దిలో ఊల్లు నలిగిపోతన్నాయి."

"అచ్చం మా పద్మనాభంలో గట్టు తగువేరా బావా!" అంటూ కళాసీలు అటు తిరిగి కూర్చున్నారు.

అతని పేరు సత్యం. ఓడల్లో వంటవాడు. కొన్నేళ్లు థాయిలాండులోనే ఉండిపోయాడట. ఇక గవర్రాజు ఒక్క లైను చదివితే చాలు, ఆ కొండలూ ఆ మంచూ ఆ మనుషులూ సత్యం నోట్లోంచి వచ్చేసేవి.

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి. గవర్రాజు కళ్లల్లో నిప్పులు పోసుకున్నాడు. సత్యం ఇంటి దగ్గర ఇంగ్లీషు పేపరు బట్టీ పట్టుకొచ్చి తన పరువు తీస్తున్నాడని నమ్మాడు.

ఫిబ్రవరి రాగానే ఆ వార్త చదవడం మానేశాడు. పేపర్లో మాత్రం రోజూ ఉండేది.

"హద్దు గొడవ ఏటీ రాయనేదా బాబూ?" అడిగాడు సత్యం.

"నేదు."

మర్నాడూ అడిగాడు. ఆ మర్నాడూ అడిగాడు.

"సల్లారిపోనాది! ఇంక నువ్వు సెప్పడానికేటీ నేదు," అన్నాడు గవర్రాజు.

సత్యం మొహం వెలిగిపోయింది. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

వెక్కిరింపనుకున్నాడు గవర్రాజు. ఒళ్లు మండింది.

మూడోనాడు వెనక బల్ల ఖాళీగా ఉంది. గవర్రాజుకి ప్రాణం లేచొచ్చింది. హుషారుగా ఆ వార్తే అందుకున్నాడు.

"హద్దులో ఫిరంగుల మోత. రెండు పాయల మధ్య ఊళ్లు బూడిద."

టీ వడకడుతున్న చిలకమ్మ చెయ్యి ఆగిపోయింది.

"సల్లారిపోనాదన్నావు కదా బాబూ?"

"ఆడి గొప్పలు ఇన్లేక అన్నాన్లే. ఏడీ ఆడు?"

"బ్యాంకాక్ ఓడలో వంటపనికి కుదిరి నిన్ననే ఎలిపోనాడు. ఆ పాయల మద్దినే ఆడి కూతురుందట. తెచ్చుకుంటానని ఎల్లాడు."

గవర్రాజు పేపరు బల్ల మీద పెట్టేశాడు.

"ఎల్లేముందు... ఓపాలి పేపరు తనే సూసుకోవల్సింది కదా?"

"ఆడికి అచ్చరమ్ముక్క రాదు బాబూ. నువ్వు సదివితే ఇందామనే రోజూ కంచరపాలెం నుంచి నడిసొచ్చీవోడు."